ఇంకా పంతొమ్మిది

పగలంతా నేను పళ్ళు చేస్తాను.
గ్యుమ్రిలో, నల్లరాతి ఇళ్ళ మధ్య ఒక నేలమాళిగలో,
గులాబిరంగు మైనం కరిగించి, చిగురు చెక్కి
ముసలివాళ్ళ నోళ్ళకి సరిపడా పేరుస్తాను.
ముందు పన్నుకి పసుపు ఎంత కలపాలో తెలుసు.
ఎవరిది సిగరెట్టు నోరో, ఎవరిది టీ నోరో
అచ్చు చూసి చెప్పగలను.

రాత్రి ఇంటికొస్తే
ఒక్క పన్ను నా చేతిలో లేదు.

నజెలికి ఆరో నెల వెళ్ళి వారం.
చొంగకి గడ్డం కింద ఎర్రగా కందింది.
పిడికిలి మొత్తం నోట్లో కుక్కుకుంటుంది.
ఉయ్యాల కమ్మీ, నా చొక్కా బొత్తం, వాళ్ళమ్మ జడ,
దొరికినదాన్నల్లా చిగుళ్ళ మధ్య పెట్టి నూరుతుంది.
పంటి బిగువున ఓర్చుకోవాలంటారు.
పళ్ళే లేని పిల్ల
ఏ బిగువున ఓర్చుకోవాలి?

మా అమ్మ వార్దుహి బీరువా వెనకనుంచి
మల్బరీ సారా సీసా తీసింది.
"వేలు ముంచి రాయి. నీకూ అలాగే రాశాను, చచ్చావా?"
షొగెర్ సీసా లాక్కుని పై అరలో పెట్టింది.
అత్తాకోడళ్ళు ఆ రాత్రి
గుసగుసల్లోనే పోట్లాడుకున్నారు,
పిల్ల లేస్తుందని.

మర్నాడు ఒళ్ళు కాలింది. ముప్ఫైతొమ్మిది.
"పళ్ళ జ్వరమేలే" అన్నారు మెట్లమీది ఆడవాళ్ళంతా.
డాక్టర్ అరుస్యాక్ చెవిలోకి దీపం వేసి చూసింది.
"పన్ను ఇంత జ్వరం తేదు.
దాని మీద నెపం వేసి కూర్చునుంటే
ఈ చెవి చీము కారేది."
మందుచీటీ రాస్తూ తలెత్తకుండానే:
"మొద్దుబార్చే జెల్లు వద్దు. మెడలో పూసలూ వద్దు.
తడిగుడ్డ ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వండి, గడ్డకట్టనివ్వకండి.
చేతులు కడుక్కుని వేలితో చిగురు రుద్దండి.
తక్కినదంతా ఎత్తుకు తిరగడమే."

ఎత్తుకు తిరిగాను.
వంటింటి కిటికీ నుంచి గుమ్మం దాకా పదకొండు అడుగులు.
బయట వీధిదీపం చుట్టూ మంచు.
నోట్లో వేలు పెట్టాను,
ఇరవై ఏళ్ళుగా మైనం తడిమిన వేలు.
కింది చిగురులో, మెత్తని కండ లోపల
గట్టిగా ఏదో. గోధుమ నూకంత.
నేను చెయ్యనిది.
ఏ అచ్చులోనూ పొయ్యనిది.
పిల్ల ఏడుపాపి నన్ను కొరికింది,
కొరకడానికి ఏమీ లేకుండానే.

తొమ్మిదో రోజు పొద్దున
గంజి పెడుతుంటే చెంచా టింగుమంది.
షొగెర్ ఇంకోసారి తాటించింది. టింగ్.
అమ్మ పక్కగదిలోంచి
కట్టుడుపళ్ళు గ్లాసులోనే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.
రెండు బోసినోళ్ళు ఒకదాన్నొకటి చూసి నవ్వుకున్నాయి.
అందులో ఒకటి ఇక పూర్తి బోసి కాదు.

ఆదివారం గోధుమలు ఉడికించాం.
పిల్లని దుప్పటి మీద కూర్చోబెట్టి
తలపైన పల్చని గుడ్డ పట్టి, గుడ్డ మీద గింజలు జల్లారు.
ఒక్కటి జారి నోట్లో పడకుండా
షొగెర్ గద్దలా చూస్తూనే ఉంది.
ముందు పుస్తకం, మొద్దు కత్తెర, దువ్వెన, సుత్తి.
ఏది పట్టుకుంటే అదే బతుకుతెరువట.
నా మైనం కత్తి కూడా పెట్టబోయి
జేబులో వేసేసుకున్నాను.

నజెలి అన్నిటినీ చూసింది.
పక్కకి వంగి
గోధుమలు కలిపిన కొయ్యగరిటె లాక్కుని
నోట్లో పెట్టుకుంది.
"వంటమనిషి!" అన్నాడు మా బావ.
"కాదు, వడ్రంగి" అంది పక్కింటి సత్యెనిక్.
అమ్మ మాత్రం,
"చిగురు దురదగా ఉంది దానికి" అంది.

ఆ రాత్రి రెండింటికి మళ్ళీ ఏడుపు.
ఈసారి దాని పక్క పన్ను.
పాలపళ్ళు ఇరవై, నాకు లెక్క చెప్పక్కర్లేదు.
ఇంకా పంతొమ్మిది.
తడిగుడ్డ కోసం ఫ్రిజ్ తలుపు తెరిస్తే
గుడ్డ పక్కన చిన్న గిన్నెలో
అమ్మ పెట్టిన చెంచా.
వాసన చూశాను.
సారా కాదు, వట్టి చల్లదనం.