పన్ను లేని దేశం

ముసఫ్ఫాల మా క్యాంపు, రెండో బ్లాకు, పదిహేడో రూము.
డబ్బా తాళంచెవి నా మొలదారానికుంటది.
ఆకుపచ్చ డబ్బా, మీద తెల్ల కూడిక గుర్తు.
లోపల దూది, గాజుగుడ్డ, కాలిన పుండ్లకు మలాం,
తారీకు దాటిన కండ్ల మందు ఒకటి,
పారెయ్యబుద్ధిగాక ఉంచిన.

కంపెనీ నాకు రెండు గంటలు నేర్పింది.
ఎండకు పడిపోతే ఏం జెయ్యాలె,
వేలు తెగితే ఏం జెయ్యాలె.
పండ్ల సంగతి ఆఖరి ఐదు నిమిషాలు.
అప్పటికే బిర్యానీ పొట్లాలొచ్చినయి,
నా సగం చెవి అటే ఉండె.

రాత్రి పన్నెండు దాటినంక
పై మంచం మీదికెల్లి ఆశన్న
చార్జర్ వైరు అందుకోబోయి జారిండు.
కింది మంచం ఇనుప పట్టీకి మూతి తగిలింది.
పెద్ద చప్పుడేం గాలే,
గిన్నెల గోలీ పడ్డట్టు.
లైటేసేసరికి
బనీను మీద నెత్తురు, నోట్ల ఒక కిటికీ.

పన్నేది?
ఎనిమిదిమందిమి మోకాళ్ళ మీద.
చెప్పుల నడుమ, ఉల్లిగడ్డ పొట్టు నడుమ,
ఇంటికి పంపే అట్టపెట్టెల ఎనక.
టేక్ బహదూర్‌కు దొరికింది,
వాని బూటు లోపల.

సబ్బువెట్టి కడుగుదమన్నడు ఒకడు.
బ్రష్షు పట్టుకొచ్చిండు ఇంకొకడు.
"వేరు ముట్టకుండ్రి!" అని ఒర్లిన.
ఆ మాట యాడికెల్లి వచ్చిందో నాకే తెల్వది,
కంపెనీ పాఠంలకెల్లి వచ్చిందో,
మిరపనారు పీకిన చేతులలకెల్లి వచ్చిందో.
నారును తలకాడ పడ్తం గదా,
వేరుకున్న మట్టి రుద్దం గదా.
తెల్లదిక్కు రెండు వేళ్ళతోని పట్టుకొని
గుక్కెడు నీళ్ళు పోసిన, అంతే.

మొలిచిన మడిలనే మల్ల నాటాలన్నరు.
నాటబోయిన.
ఆశన్న తల ఇద్దరు పట్టుకున్నరు.
నా చెయ్యి వణికింది,
వాడు దూడ లెక్క అరిచిండు.
నాతోని గాలే.

అయితే పాలు కావాలె.
పాలల్ల పన్ను కొంతసేపు బతుకుతదట.
ఫ్రిజ్జు తెరిస్తే లబన్.
"గివి పాలే గదా!"
కాదురా, చల్ల. ఆ పులుపుకు సస్తది.
టిన్ను పాలు? బంక లెక్క, చక్కెర లెక్క.
బకాలా షట్టరు పదకొండుకే పడ్డది.
రోడ్డెంబడి బోర్డుల మీద పాలే పాలు,
ఒంటె బొమ్మలు, నురుగు గ్లాసులు.
మా బ్లాకుల అరగ్లాసు లేదు.

నాలుగో రూము తలుపు కొట్టిన.
జర్వలీ, ట్రెయిలర్ డ్రైవరు,
తెల్లారగట్ల చాయ్‌కని
రోజూ పావులీటరు దాచుకుంటడు.
హిందీల సగం, చేతులతోని సగం చెప్పిన:
పాలు, పన్ను, జల్దీ.
ఆయన నవ్వలే. ఎందుకని అడగలే.
గ్లాసుల పోసి
బండి తాళాలు గూడ తీసుకున్నడు.

పికప్పుల నడుమ ఆశన్న,
గాజుగుడ్డ కరిచిపట్టి,
తువ్వాలల ఐసు చెంపకు ఒత్తుకొని.
నా మోకాళ్ళ నడుమ గ్లాసు.
ప్రతి స్పీడు బ్రేకరుకు
పన్ను అడుగుకు తగిలి టింగుమంటది.
మూడో సిగ్నల్ కాడ వాడు గుడ్డ తీసి
గాలి కలిసిన మాటలతోని
"ఏజెంటు అబద్ధం చెప్పలేదన్నా,
పన్ను లేని దేశమే ఇది" అన్నడు.
నవ్వుకు మల్ల నెత్తురు.
కరువురా, కరిచిపట్టు అన్న.
జర్వలీకి ఒక్క ముక్క సమజ్ గాలే,
మాకంటే ఎక్కువ నవ్విండు.

డాక్టరమ్మ గ్లాసులకు తొంగిచూసి
ఎవరు చేసిండ్రిది అని అడిగింది.
తిడ్తదేమో అని చెయ్యి ఎనకకు దాసుకున్న.
ఆమె బొటనవేలు లేపింది.
పక్క పండ్లకు సన్నతీగతో కట్టింది,
చేనికి కంచె లెక్క.
కిటికీ కాడ కార్డు గీకితే
ఆ కార్డుల పండ్లు లేవన్నరు.
తొమ్మిదివందల దిర్హాములు.
రూమంత పోగుచేసినం,
జర్వలీ తక్కువపడ్డది ఏసిండు.

రెండు నెలలాయె.
పన్ను రంగు జరంత మారింది.
ఉంటదో పోతదో చెప్పలేమన్నరు.
ఆశన్న రొట్టె పక్కపండ్లతోనే నములుతుండు,
అద్దంల మాత్రం దాన్నే చూసుకుంటుండు.

కండ్ల మందు పారేసిన.
ఆ జాగల చిన్న పాల డబ్బా ఒకటి,
పోశెట్టి పిప్పిపన్నుకని లవంగాల పొట్లం ఒకటి.
స్టోరుకీపరు బిల్లు చూసి
గాయాల డబ్బాల పాలెందుకని నసిగిండు.
తారీకు దగ్గరపడితే
ఆ పాలు పారబోయ్య,
జర్వలీకి చాయ్ కాస్త.