ఒక్క పాయింటు

రాత్రి ఒక్క పాయింటుతో ఓడిపోయాం.
పొద్దున్నే మార్వా కాఫీ కొట్లో
బల్ల మీద ఆట మళ్ళీ మొదలు.

కెచప్ సీసా మన సెంటర్.
మిరియాల డబ్బా వాళ్ళ గార్డు.
"టైమౌట్ అడగాల్సింది" అన్నాడు ఆర్విల్,
ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన అధికారంతో.
"అడిగి ఏం చేస్తాం?
ఆ ఫ్రీత్రో పడి ఏడిస్తే కదా!"
డెల్‌బర్ట్ రిఫరీ చెంచాని
ఎప్పుడో కిందకి తోసేశాడు.

మూలన ఉప్పు డబ్బా.
చుట్టూ ఎవరూ లేరు.
పూర్తిగా నాలుగు సెకన్లు.
వాడికి అందించి ఉంటే...
అందరం అటే చూస్తున్నాం.

"ఆ టేబుల్ వాళ్ళకి కావాలి"
మార్వా వచ్చి ఎత్తుకుపోయింది.

కిటికీ అవతల
మంచు రోడ్డు పొడుగునా
ఉప్పు చల్లుకుంటూ కౌంటీ లారీ.
చల్లారిన గుడ్లు
చప్పగానే తిన్నాం.