ఆటు లెక్క

నలభై యేళ్ళు ఎలోయ్ తిబోదో చేసిన పని
రేవు చివర కొయ్యస్తంభం మీద గీతలు చదవడం.
సెయింట్ మేరీ అఖాతం రోజుకు రెండుసార్లు
నాలుగు నిలువుల ఎత్తు లేస్తుంది, దిగుతుంది.
పెన్సిలుతోనే రాసేవాడు. సిరా తడికి అలుక్కుపోతుంది.
"సముద్రాన్ని నమ్మకు, రాసుకో,"
కొత్తగా చేరిన కుర్రాళ్ళకు చెప్పింది అదొక్కటే.

ఆ మార్చిలో బూట్లు పట్టలేదు.
తోలు బిగుసుకుందని
బూట్లు కుట్టినవాణ్ణి తిట్టిపోశాడు.
తర్వాత తల కింద రెండు దిండ్లు, మూడు,
ఆ తర్వాత కిటికీ పక్క కుర్చీలోనే తెల్లార్లూ.
ఒదెలీ అతని పిక్క మీద వేలితో నొక్కితే
పడిన గుంట పూడలేదు.
ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు,
టీ చల్లారేదాకా.

గుండెకు వచ్చింది పోటు కాదు.
పోటైతే ఆరు గంటల్లో వెనక్కి తగ్గేది,
ఆ సంగతి అతనికంటే ఎవరికి తెలుసు.
ఇది ఆటు మరిచిన నీరు.

హాలిఫాక్స్‌లో తొడ మొదట్లో
సూది పట్టేంత తోవ చేశారు.
మెలకువగానే ఉన్నాడు.
రొమ్ము కోయలేదు, కడుపులో చల్ల కదలలేదు.
సిర వెంబడి ఎగబాకిన సన్నటి గొట్టం
గుండె కుడివైపు రెండు గదులూ దాటి
ఊపిరితిత్తికి వెళ్ళే దారిలో
ఒక గింజను దించి, వచ్చిన దారినే తిరిగొచ్చింది.
గింజకు రెండు కొసలా రెండు తీగ చుట్లు.
బ్యాటరీ లేదు.
"ఇది మందు కాదు, మరమ్మతూ కాదు,"
తెర మీద చూపించింది డాక్టర్ ఇఫియోమా.
"మరేమిటి?"
అతని పనేమిటో ఆమె ముందే అడిగి పెట్టుకుంది.
"గీతల కొయ్య."
నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

ఇక రోజూ పొద్దున్నే
యంత్రం దాచిన దిండు మీద వెల్లకిలా పడుకుంటాడు.
అది కాసేపు గుర్రుమంటుంది.
అంకె తనంతట తాను హాలిఫాక్స్ వెళ్ళిపోతుంది,
మోరాగ్ మెకాస్కిల్ అనే నర్సు బల్ల మీదికి.
పద్దెనిమిది. పంతొమ్మిది. పద్దెనిమిది.
ఇరవై ఆరు నాడు ఫోను మోగింది.

"నిన్న ఏం తిన్నారు?"
"ఉడకబెట్టిన బంగాళాదుంప."
"దాంతో పాటు?"
పడవల కొట్టు వెనక, వలల కింద
ఒదెలీకి కూడా తెలియని డబ్బా ఒకటుంది.
అందులో ఎండిన ఉప్పుచేప.
ఒంటి గుట్టు హాలిఫాక్స్‌కు చేరిపోయింది.
"నీళ్ళ బిళ్ళ మూడు రోజులు రెండేసి వేసుకోండి,"
అంది మోరాగ్, కోప్పడకుండా.
కోప్పడినా బాగుండేది.

ఆ పూట రేవు దాకా నడిచి
స్తంభం ముందు నిలబడ్డాడు.
ఎన్నడూ అడగలేదు కదా దీన్ని,
నీ లోపలి నీళ్ళు లెక్కపెట్టనా అని.
పచ్చగా నాచు పట్టిన గీతలు.
ఇప్పుడెవరూ చదవరు, పైన ఒక పెట్టె చదువుతుంది.

నాలుగో రోజు మళ్ళీ ఫోను.
"పంతొమ్మిదికి దిగారు. బూట్లు పడుతున్నాయా?"
"ఒకటి పడుతోంది."
పెట్టేయబోయింది. అతను పెట్టనివ్వలేదు.
"ఒక్క రాత్రి నేను వెళ్ళలేదమ్మాయ్.
ఒదెలీకి నెలలు నిండిన చలికాలం, మంచు తుఫాను.
మంచం మీద పడుకునే
తోచిన అంకె వేసేశాను.
ఎవరూ అడగలేదు. పుస్తకంలో ఇప్పటికీ అలాగే ఉంది."

తీగకు అటువైపు కాసేపు చప్పుడు లేదు.
"ఎంతని వేశారు?"
చెప్పాడు.
ఆమె రాసుకుంటున్న చప్పుడు వినిపించింది,
పెన్సిలుతోనే అనిపించింది.