నాలుగో ఇటుక

ఎర్రచందనం మాన్లు లెక్కపెట్టే పని నాది.
మొసలి వీపులాంటి బెరడుతో నిలబడినవి ఒక వైపు,
మొదళ్ళు మాత్రం మిగిలినవి ఇంకో వైపు,
రూళ్ళ పుస్తకంలో గీతలు.
భాకరాపేట ఘాటు దగ్గర బండి వదిలేసి
ఏటి వెంబడి మూడు గంటలు నడిస్తే
జాలారి చెట్ల మధ్య ఒక దిబ్బ.
మా మ్యాపులో దానికి పేరు లేదు,
ఎత్తు మాత్రం ఉంది.

పైకి తీసుకెళ్ళింది మానికల పోలమ్మ,
ఉసిరికాయల గోతం కింద దించి.
"తల లేని తాత సామీ.
మాయమ్మ పుట్టకముందు నించీ ఇట్నే కూసోనుండాడు."

ఒడిలో చేతి మీద చెయ్యి.
భుజం మీద రాతిలోనే మడతలు పడిన బట్ట,
ఆ మడతల్లో గుడ్లు మోసుకుపోతున్న చీమలు.
మెడ మీద ఏటి గుండ్రాయి,
కళ్ళూ ముక్కూ లేనిది.
ప్రతి వానాకాలం దొర్లిపోతుందట,
ప్రతి కార్తీకం ఇంకొకటి తెచ్చి పెడతారట.
"మొగం ఎట్లుండాల్నో మాకేం తెలుసు?
అందుకే నున్నంది చూసి పెడతాం."

పైన బెట్లుడత కొమ్మ మారింది.
రాలిన ఎండుటాకు తాత ఒడిలో పడింది.
ఆయన తీసెయ్యలేదు.

దిబ్బ చుట్టూ ఇటుకలు, మూరెడేసి.
ఒకదాని మీద మేకపిల్ల గిట్ట.
ఆరబెట్టిన పచ్చి మట్టి మీద
ఎవరో అదిలిస్తే ఉరికిన గుర్తు.
గిట్ట మిగిలింది.
అదిలించిన గొంతు ఏ భాషదో.

ఇక్కడ ఒక మాట చెప్పాలి.
పద్నాలుగేళ్ళ కిందట, క్యాంపు కొత్తలో,
అవతలి వాలు నుంచి వచ్చి
నాలుగు ఇటుకలు నేనే మోసుకెళ్ళాను.
తెలీక, అని రాసి కొట్టేశాను.
పాతవని తెలుసు. అన్నం కావాలి.
మూడు పొయ్యికి, ఒకటి కూర్చోడానికి.

మొన్న మూడూ తెచ్చి పెట్టాను,
మసి కడగడానికి ఏటిలో ఎంత తోమినా పోలేదు.
పోలమ్మ వేళ్ళు మడిచింది.
"ఇంగోటేదీ?"
దాని మీద కూర్చుంటాను, అన్నాను.
పొద్దు గూకి, లెక్క రాసేశాక,
దేవాంగపిల్లి కళ్ళు పొదలో వెలిగేదాకా,
ఊరికే.
"ఆయప్పా కూసోనే ఉండాడు గదా.
నీకాడే ఉండనీ."
గోతం నెత్తికెత్తుకుంటూ మళ్ళీ అంది:
"కార్తీకానికి రా. ఈతూరి రాయి నువ్వు ఏరుదువు."

అప్పట్నుంచీ ఏరు దాటినప్పుడల్లా వంగుతున్నాను.
నున్నటిదే వెతుకుతున్నాను.
ఏ రాయి ఎత్తినా
ఎవరో ఒకరి మొహం కనిపించి
మళ్ళీ నీళ్ళలో పెట్టేస్తున్నాను.