పదిహేడో కుండీ

రాజేంద్రనగర్ గాజింట్లో నా మొదటి వారం.
నలభై కుండీల వరిలో ఒక్కటే
పక్కవాటిని జానెడు దాటి నిలబడింది,
సన్నగా, కాస్త పాలిపోయి.
స్కేలు పెట్టి సంబరంగా రాసుకున్నాను:
పదిహేడో కుండీ, అన్నిటికన్నా ముందు.

నీళ్లు పట్టే ఎల్లవ్వ వంగి చూసింది.
"గది ఎదుగుడు గాదు సారూ, రోగం."
వేళ్లతో సహా పీకి కవర్లో మూట కట్టేసింది.

తర్వాత చదివాను.
బూజొకటి లోపల చేరి
మొక్క సొంత మాటనే పలుకుతుందట:
జిబ్బరెల్లిన్.
అదే మాట, అదే యాస.
కణాలు నమ్మి సాగుతాయి, సాగుతాయి,
గింజ దాకా ఏమీ మిగలదు.

ఇప్పుడు నా పని అటువైపు.
పురుగు కొరికిన చోటి నుంచి
జాస్మోనేట్ కబురు బయల్దేరుతుంది.
మొక్క పొడుగు సంగతి పక్కన పెట్టి
చేదు కూడబెట్టుకుంటుంది,
గోడలు మందం చేసుకుంటుంది.
నా గ్రాఫులో గీత అడ్డంగా పడుకుంటుంది.
"ఈ వారం ఏం ఎదగలేదేం?" అంటారు గైడు.
ఎంత కాపలాకి ఎంత కంకి పోతుందో
నాలుగేళ్లుగా కొలుస్తున్నా,
ఇంకా చెప్పలేను.

అత్తాపూర్‌లో అద్దె గది.
టైఫాయిడ్ నుంచి లేచిన మహిత
తలుపుకి వీపు ఆనించి నిలబడింది,
మడమలు దొంగతనంగా ఎత్తి.
"నాన్నా, ఎంత పెరిగాను?"

జూన్ గీత మీదే ఉంది తల.
నుదురు తాకి చూశాను, చల్లగా, చెమటగా.
పెన్సిల్ జేబులోనే ఉంచి
"చాలా" అన్నాను.