గడియ బయటే ఉంది

బాతును కొలవడం ఎవరి తరమూ కాదు.
డౌవే టేపు చాచి వంగినప్పుడల్లా
దాని మెడ ఓసారి మూర, ఓసారి బెత్తెడు.
"నీ మొండితనం కంటే చిన్నదేలే,
కోసెయ్" అన్నాను.

పాత పడవ పలకలు. మూతపడ్డ పాలకేంద్రం తలుపు;
దాని మీద మా ఫ్రీసియన్ భాషలో ఇంకా
బూట్లు తుడుచుకుని రండి అని ఉంది.
చూరు కింద వేలెడు సందు వదిలాడు.
చలి కాదు, తడి ఊపిరే చంపుతుందట బాతుల్ని:
మేకులు నోట్లో పెట్టుకునే చెప్పాడు.
సందుకి జాలీ, నక్కకి గడియ.

తొలిరాత్రి ఐదూ కాలువలోనే కూర్చున్నాయి.
మంచు మొదలైంది.
పిలిచాడు, బార్లీ చల్లాడు, తిట్టాడు,
ఆఖరికి బూట్లు విప్పి
తనే దూరాడు లోపలికి,
ఇల్లంటే ఏమిటో చూపించడానికి.

అరవై ఏళ్ల మనిషి, మోకాళ్ల మీద, గడ్డిలో.

తీరిగ్గా ఒకటి గట్టెక్కింది.
దాని తోక వెంటే మిగతావి.
చివరిదాని వెనక అలవాటుగా
తలుపేసి గడియ పెట్టాను.

"యెల్చే!" అన్నాడు లోపల్నుంచి.
బాతులూ ఏదో అన్నాయి.

చూరు సందులోంచి
ఆరు ఊపిర్ల ఆవిరి
ఒక్కటిగా బయటికొస్తోంది.
కాసేపు చూశాను.
తర్వాతే తీశాను.