మామిడి వాన తర్వాత

తురహళ్ళి గుట్ట మీద మంట ఆరి పదహారు రోజులు.
సాయంత్రం మామిడి వాన పడింది, ముప్పావు గంట.
తలకు లైటు కట్టుకుని
కప్పల్ని లెక్కపెట్టడానికి వచ్చాను.

చెప్పుల కింద బూడిద ముద్ద.
లంటానా పొదలు తుప్పు తీగల్లా మిగిలాయి.
బండలకు ఒక పక్క నలుపు, ఇంకో పక్క మామూలే.
కింద కనకపుర రోడ్డు దాని హారన్లు అది మోగించుకుంటోంది.

మంట లేచిన రోజు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో
మొదటి మెసేజ్: "బాల్కనీలో బట్టలు తీసేయండి."
రెండోది, ఆ పొగలో దిగుతున్న సూర్యుడి ఫొటో.
ఎనభై మూడు మందికి నచ్చింది.
నాకూ నచ్చింది. అదీ రాసుకోవాలి.

"లోపలుండేవి బతికుంటాయి మేడమ్,"
వాచర్ మునెల్లప్ప బీడీ తీసి,
ఏదో గుర్తొచ్చి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.
"జానెడు లోతుకు పోయినేటికి సెగ తగల్దు.
ఆకుల కింద పండుకున్నేటివే..."
మిగతాది చేతికర్రతో చెప్పాడు,
ఒక దుంగను తిరగేసి.

మాడిన వడియాల్లా మూడు.
కాళ్ళు ముందుకు చాచి.
వాటిని ఏ గడిలో రాయాలో నా ఫారంలో లేదు.

మా ల్యాబులో ఫిర్దౌస్ చెప్పింది,
చలిదేశాల్లో సాలమాండర్ అని ఒకటుందట,
తోకున్న కప్పలాంటిది,
అది నిప్పులోంచే పుడుతుందని పూర్వం నమ్మేవాళ్ళట.
పొయ్యిలో మొద్దు పెట్టినప్పుడల్లా బయటికొచ్చేదట మరి.
పుట్టడం కాదది.
మొద్దు తొర్రలో నిద్రపోతున్నది
లేచి పరిగెత్తింది.
చూసినవాళ్ళు చలి కాచుకుంటూ కథ అల్లారు.

రాతి గుంటలో నీళ్ళు చేరాయి, డికాక్షన్ రంగు.
నిరుడు ఇక్కడ నలభై ఒకటి.
గొంతులు కలిసిపోయి రెండుసార్లు లెక్క తప్పాను.
ఇవాళ తప్పడానికేం లేదు.
ఒకటి.
చాలాసేపటికి, అవతలి బండ వైపు, ఇంకొకటి.

మూడోది నా మడమ పక్కనే.
ముందు మట్టి కదిలింది, తర్వాత రెండు కళ్ళు,
ఆ తర్వాత బూడిద పూసుకున్న వీపు.
కార్తీకంలో ఇది లోపలికి దిగినప్పుడు
నెత్తిన గడ్డి ఉండేది,
తేమ పట్టి ఉంచే ఆకుల పరుపు ఉండేది.
తలుపు తీసుకుని వస్తే ఇల్లే లేదు.
పిలవలేదు అది. గొంతు సంచి ఊరికే కొట్టుకుంటోంది.

రేపు తొమ్మిదికల్లా ఎండ మొదలవుతుంది.
పెన్సిల్‌తో మూడు అని వేశాను.
నేనింకా వంగి చూస్తుండగానే
మునెల్లప్ప ఆ దుంగను దొర్లించుకొచ్చి
గుంట ఒడ్డున, తొర్ర వైపు కిందికి పెట్టాడు.
"ఉండనీ మేడమ్," అన్నాడు చేతులు దులుపుకుంటూ,
"దీనికేమన్నా పనికొస్తుంది."